ఇంటి వార్త ఎవరికి?

గోడలకు చెవులుండునని మన పెద్దలు చెప్పుచు వచ్చిరి. రహస్యములు మాటలాడువారిని హెచ్చరించుటకు పుట్టిన ఆ సామెత నేడు మంచిర్యాల వంటి పట్టణములందును అక్షరాల నిజమగుచున్నది. అగ్గిపెట్టెకంటె చిన్నదగు ఒక తెల్లని పెట్టెను తలుపునకు అంటించినచో ఆ తలుపు ఎప్పుడు తెరచిరో, ఎప్పుడు మూసిరో అది చెప్పును. మరియొకటి మేడమీది ట్యాంకులో నీరెంత యున్నదో చెప్పును. ఇంకొకటి గదిలో మనుష్యుల కదలికను, వేరొకటి ఎండ తీవ్రతను తెలుపును. వీనినే సెన్సార్లనుచున్నారు. ఇవి తీగలు లేకయే తమ వార్తలను ఇంటిలోని ఒక చిన్న కంప్యూటరునకు పంపును. ఆ కంప్యూటరులోని ప్రోగ్రాము వానిని చదివి మోటారును ఆపుట, దీపమును వెలిగించుట, ఫోనునకు కబురు పంపుట మొదలగు పనులు చేయును. కొన్ని వందల రూపాయలును, కొన్ని సాయంకాలముల ఓపికయు నున్నవారు ఎవరైనను వీనిని అమర్చుకొనవచ్చును. అమర్చుట సులభమైనకొలది ఆ వార్త ఎవరికి చేరవలెనను ప్రశ్న మాత్రము కఠినమగుచున్నది. మా ఇంటిలోను, మా ఇరుగుపొరుగు ఇండ్లలోను మేము చూచినదానిని బట్టి ఆ ప్రశ్నను గూర్చి నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

సెన్సారు మన ప్రాంతమువారికి బొత్తిగా క్రొత్త సంగతి కాదు. మాది బొగ్గుగనుల సీమ. శ్రీరాంపూరు, మందమర్రి, బెల్లంపల్లి గనులలో దిగి పనిచేసినవారు లేని వాడ మా పట్టణమున అరుదు. గనిలో మీథేనను వాయువు పుట్టును. దానికి రంగు లేదు, వాసన లేదు. గాలిలో అది నూటికి అయిదు మొదలు పదునైదు పాళ్లవరకు నున్నచో నిప్పు తగిలినంతనే ప్రేలును. 1815లో ఇంగ్లండు దేశమున హంఫ్రీ డేవీ యను శాస్త్రజ్ఞుడు మంటచుట్టును సన్నని తీగవలను చుట్టి ఒక దీపమును నిర్మించెను. ఆ వల మంట వేడిని లాగికొనుటచేత లోపలి మంట వెలుపలి వాయువును అంటించదు. దీపపు వత్తిని తగ్గించి పట్టుకొన్నయెడల, వాయువున్నచోట మంటమీద టోపీవలె ఒక నీలి కాంతి నిలుచును. టోపీ యెంత పొడవైన వాయువంత హెచ్చు. ఒకప్పుడు గనులలో సర్దారులు ఈ దీపమును చేతబట్టి పనిస్థలమును పరీక్షించెడివారు. పేరు తెలియకున్నను అదియు సెన్సారే. దానియందు మనము గమనింపదగిన గుణ మొకటి కలదు. ఎవరి ప్రాణము అపాయములో నున్నదో వారి యెదుటనే ఆ నీలి టోపీ కనబడెను. వార్త మరియొక చోటికి పోయి తిరిగి రావలసిన అవసరము లేకపోయెను.

నేటి సెన్సారు వార్త యెట్లు ప్రయాణము చేయునో తెలిసికొన్నచో మిగిలిన చర్చ సుగమమగును. తలుపు సెన్సారులో ఒక చిన్న గాజు గొట్టము, దానిలో రెండు సన్నని ఇనుప రేకులు ఉండును. తలుపు రెక్కకు అయస్కాంతమును, ద్వారబంధమునకు ఈ గొట్టమును అమర్తురు. తలుపు మూసియున్నప్పుడు అయస్కాంతము రేకులను కలిపియుంచును. తెరచినప్పుడు అవి విడిపోవును. అంతియే దాని తంత్రము. విడిపోయినంతనే సెన్సారు నిద్రలేచి, రెండు మాటలు పలికి, మరల నిద్రించును. అందుచేతనే రూపాయి బిళ్లవంటి బ్యాటరీతో ఏడాదియో అంతకు పైననో పనిచేయును. అది పలుకు భాషలలో జిగ్బీ యనునది యొకటి. 2003లో ఏర్పడిన ఒక రేడియో నియమావళిపై అది నిర్మింపబడినది. కరెంటుతో నడచు ప్లగ్గులు, బల్బులు ఆ భాష తెలిసినవైనచో ఒకదాని మాటను మరియొకటి అందుకొని ముందునకు చేరవేయును. మన ఇండ్ల సిమెంటు శ్లాబులు ఈ రేడియో తరంగములను చాలవరకు మ్రింగును గనుక, మేడమీది సెన్సారు పలుకు క్రిందికి వినబడుటకై మెట్లదగ్గర అట్టి ప్లగ్గు నొకదానిని పెట్టుట మంచిది. కంప్యూటరునకు తగిలించు రేడియో స్టిక్కును కూడ కంప్యూటరును ఆనుకొనియుండనీక, ఒక మూర పొడవు తీగతో దూరముగా నుంచవలెను. లేనియెడల కంప్యూటరు చేయు రేడియో రొదలో సెన్సారు మాట కలిసిపోవును.

స్టిక్కునకు చేరిన పలుకును ఒక ప్రోగ్రాము తర్జుమా చేసి ఎంక్యూటీటీ యను పద్ధతిలో చాటును. 1999లో ఆండీ స్టాన్‌ఫర్డ్ క్లార్కు, ఆర్లెన్ నిప్పరు అను ఇద్దరు ఇంజనీర్లు చమురు గొట్టముల సమాచారమును ఉపగ్రహము ద్వారా తక్కువ ఖర్చుతో తెప్పించుకొనుటకై ఏర్పరచిన పద్ధతి యిది. మన పల్లెలలో డప్పు కొట్టి చాటింపు వేయువాడు ఎవరిని పేరుపెట్టి పిలువడు. రేపు చెరువు తూము విప్పుదురని చాటును. చెరువు క్రింద పొలమున్నవాడు నిలిచి వినును. లేనివాడు తన దారిని పోవును. ఎంక్యూటీటీయు అట్టిదే. ప్రతి వార్తకును ఒక శీర్షిక యుండును. ఆ శీర్షికగల వార్త తనకు కావలెనని ముందుగా చెప్పుకొన్నవారికెల్ల అది చేరును. ఆ వార్తలను విని పనులు జరిపించు ప్రోగ్రాములలో హోమ్ అసిస్టెంటు అనునది ప్రసిద్ధమైనది. దానిని 2013లో పౌలుస్ స్కౌట్సెన్ అనునతడు ప్రారంభించెను. అది ఉచితము, దాని లోగుట్టు ఎల్లరును చదువుకొనవచ్చును, ఇంటిలోని చిన్న కంప్యూటరులోనే నడచును. దానికి మనము వ్రాయు ప్రతి నియమమునకును మూడు భాగములుండును: ఏమి జరిగినప్పుడు, ఏ షరతు మీద, ఏమి చేయవలెను అని. ఈ మూడవ భాగములోనే వార్త ఎవరికి పోవలెనో వ్రాయబడును. యంత్రము దానిని తనంతట తాను వ్రాసికొనదు, వ్రాయుచున్నది మనుష్యుడే.

మా ఇంటికి మొదట వచ్చినది నీటి ట్యాంకు సెన్సారు. ఇంజనీరింగు చదువుచున్న మా అన్నగారి కుమారుడు సెలవులలో వచ్చి దానిని అమర్చెను. ట్యాంకు మూతకు లోపలివైపున నున్న ఆ పరికరము మన చెవికి వినబడని శబ్దము నొకదానిని నీటిమీదికి పంపును. అది నీటిని తాకి తిరిగి వచ్చుటకు పట్టిన కాలమును బట్టి నీరెంత లోతున నున్నదో లెక్కించును. ఇరువది డిగ్రీల వేడిమియందు ధ్వని సెకనునకు 343 మీటర్లు పోవును. కాని మా పట్టణమున మే నెలలో వేడిమి నలుబదియైదు డిగ్రీలకు చేరుటయు కలదు. అప్పుడు ధ్వని సెకనునకు 358 మీటర్లు పోవుచుండును. ఈ భేదమును లెక్కలో కలుపనిచో మీటరు దూరమునకు నాలుగు సెంటీమీటర్ల తప్పు వచ్చి, ట్యాంకు నిజముకంటె నిండుగా కనబడును. ఆ చిన్నవాడు వేడిమిని కొలుచు సెన్సారును ప్రక్కన చేర్చి ఈ లెక్కను సరిచేసెను. అతని పనిలో వంక పెట్టుటకు వీలులేదు. ట్యాంకు నిండినంతనే ఫోనునకు వార్త పోయెను.

ఎవరి ఫోనునకు? మా అన్నగారి ఫోనునకు. ఆ ప్రోగ్రాములో మొదటి ఖాతా తెరచినవారిని యజమాని యందురు. ఇంటి యజమాని మా అన్నగారే గనుక ఆ ఖాతా ఆయన పేర తెరవబడినది. ఆయన ఆ వారము మొదటి షిఫ్టులో గనిలో నుండెను. నేలక్రింద బొగ్గు నడుమ నున్నవానికి ఫోను వార్త చేరదు గదా. ఆయన షిఫ్టు దిగి, స్నానము చేసి, ఫోనును చేతబట్టునప్పటికి ట్యాంకు నిండినదని మూడు వార్తలు వరుసగా నిలిచియుండెను. ఆ మూడుసార్లును నీరు పొంగి మెట్లమీదుగా కారుచుండగా మోటారును ఆపినది వంటయింటిలోనున్న మా వదినగారు. ఆ సాయంకాలము ఆమె భర్తతోనను కుమారునితోనను పలికిన మాట యిది: "నిండిందని ఆయనకు చెప్తే ఏం ఫాయిదా? బంద్ చేసేది నేనే గదా!"

ఈ ఒక్క వాక్యములో మా వ్యాసమంతయు నిమిడియున్నది. తెలంగాణములో వ్యవసాయమునకు 2018 జనవరి 1 మొదలుకొని ఇరువదినాలుగు గంటల ఉచిత విద్యుత్తు ఇయ్యబడినప్పుడు, మోటార్లకు తగిలించిన ఆటోస్టార్టర్లను తీసివేయుడని ప్రభుత్వము రైతులను కోరవలసి వచ్చెను. కరెంటు రాకపోకలకు కాలనియమము లేని దినములలో, రాత్రివేళ పొలమునకు పోవు బాధను అది తప్పించెను. కరెంటు ఎల్లవేళల నున్నప్పుడు అదే పరికరము మోటారును నిలువనీయక భూగర్భజలమును తోడివేయుననెడి భయము కలిగెను. ఆటోస్టార్టరునకు కరెంటు వచ్చుట తెలియును గాని పొలము తడియుట తెలియదు. మా ట్యాంకు సెన్సారునకు నీరు నిండుట తెలియును గాని మోటారు స్విచ్చువద్ద నిలుచునది ఎవరో తెలియదు. పరికరమునకు తెలియని దానిని దానికి చెప్పవలసినవారు ఆ పనిని దినదినమును చేయువారు. అయినను అమర్చునాడు వారిని అడుగువారు అరుదు.

మా వదినగారు పదవ తరగతి చదివినవారు. "నాకు రాదు" అనుట ఆమె స్వభావము కాదు. కుమారుని ప్రక్కన కూర్చుండి నాలుగు సాయంకాలములలో నియమములు వ్రాయుట నేర్చుకొనిరి. మొదట పరికరముల పేర్లన్నింటిని తెలుగులోనికి మార్చిరి. ఆ ప్రోగ్రాము తెలుగు లిపిని చక్కగా స్వీకరించును. అర్థముకాని అంకెలతో నుండిన పేరు "పైన ట్యాంకు" అయ్యెను. ట్యాంకు నిండినచో మోటారు తనంతట తాను ఆగునట్లును, వంటయింటిలో ఒక చిన్న గంట మ్రోగునట్లును వ్రాసికొనిరి. తరువాత మాకెవ్వరికిని తట్టని నియమ మొకటి చేర్చిరి: మోటారు నడచుచు పది నిమిషములైనను ట్యాంకులో నీరు పెరుగకున్నచో దానిని ఆపివేయవలెనని. ఎండకాలమున బోరు అడుగంటినప్పుడు మోటారు వట్టిగా తిరిగి కాలిపోవుట ఆమె కన్నులారా చూచిన సంగతి. ఇంజనీరింగు చదువుచున్న చిన్నవానికి అది పాఠము. ఆమెకు అది అనుభవము. ఇంటి యంత్రములకు నియమములు వ్రాయు విద్య ఇంటిని నడుపువారి చేతిలో నుండవలెనని మేము నమ్ముటకు ఇంతకంటె కారణ మక్కరలేదు.

ఎంక్యూటీటీలో ఆమెకు మిక్కిలి నచ్చిన సదుపాయ మొకటి కలదు. దానిని వీలునామా యనవచ్చును. పరికరము కచేరీలో చేరునప్పుడే, తాను అకస్మాత్తుగా మూగవోయినచో చాటవలసిన మాటను ముందుగా అప్పగించియుంచును. ట్యాంకు పరికరము చెడిపోయినను, దానికి కరెంటు పోయినను, ఆ మాట వెలువడును. ఇది లేనియెడల చెడిపోయిన సెన్సారును, చెప్పవలసినది ఏమియు లేని సెన్సారును ఒక్కతీరుగనే మౌనము వహించును. మౌనమును క్షేమమని యెంచుట యంత్రములయెడ ప్రమాదకరము. మనుష్యులయెడను అంతే.

ఈ కంప్యూటరు మన ఇంటిలోనే యుండవలెనా, లేక కంపెనీవారి దూరపు యంత్రముతో పని జరుపుకొనరాదా యని కొందరడుగుదురు. అట్లు జరుపుకొన్నవారికి కలిగిన అనుభవములు లోకమునకు తెలిసినవే. అమెరికాలో రివాల్వ్ అను ఇంటి యంత్రమును అమ్మిన కంపెనీని 2014లో నెస్టు అను మరియొక కంపెనీ కొనెను. 2016 మే నెలలో ఆ యంత్రములకు ఆధారమైన సర్వరును ఆపివేసిరి. డబ్బిచ్చి కొన్న పెట్టెలు పనికిరానివయ్యెను. 2022 ఏప్రిలులో ఇన్‌స్టియాను కంపెనీ సర్వర్లు ముందుమాట లేకయే ఆగిపోయినప్పుడును వేలకొలది ఇండ్లలో అట్లే జరిగెను. మా పట్టణమునకు ఇంకొక కారణమును కలదు. 2022 జులైలో గోదావరి పొంగగా రాళ్లవాగు వెనుకకు తన్ని పల్లపు వాడలలోనికి నీరు వచ్చెను. అట్టి దినమున మొదట పోవునది కరెంటు, దానివెంట ఇంటర్నెట్టు. దూరపు సర్వరుతో మాటలాడు సెన్సారు ఆ క్షణముననే మూగవోవును. బ్యాటరీతో నడచు సెన్సారును, చిన్న బ్యాటరీ ఆధారముగల ఇంటి కంప్యూటరును మాత్రము కొన్ని గంటలైనను తమలో తాము మాటలాడుకొనును, గంటను మ్రోగించును. వార్త దేశాంతరము పోకపోయినను ప్రక్క గదిలో నిద్రించువారికి వినబడుట ముఖ్యము. డేవీ దీపములో మేము మెచ్చుకొన్న గుణము ఇదియే.

అయితే కంప్యూటరు ఇంటిలో నున్నంతమాత్రమున న్యాయము జరుగునా? జరుగదు. ఈ సంగతిని మాకు రెండు తలుపులు బోధించినవి.

మా ప్రక్కయింటిలో ఒక అవ్వ ఒంటరిగా నున్నది. ఆమె కుమారుడు దుబాయిలో పనిచేయుచున్నాడు. మా ప్రాంతమున ఇట్టి ఇండ్లు చాల కలవు. తల్లి ఒంటరిగా నుండుటచేత అతనికి దిగులు. మొదట ఇంటిలో కెమెరా పెట్టెదనని ఫోనులో చెప్పెను. అవ్వ ఒప్పుకొనలేదు. పిమ్మట తలుపునకు సెన్సారు పెట్టుడని మా వదినగారిని వేడుకొనెను. ఆమె అవ్వయొద్దకు పోయి పరికరమును చేతిలో పెట్టి, అది యేమి చేయునో, ఏమి చేయలేదో వివరించెను. అవ్వ దానిని ఇటు నటు త్రిప్పి చూచి యిట్లనెను: "దర్వాజకు వద్దు బిడ్డా. నేను ఎటు పోయింది, ఎప్పుడొచ్చింది వానికెందుకు? చాపత్త డబ్బా పెట్టే అల్మారకు పెట్టు. పొద్దుగాల చాయ పెట్టుకున్ననంటే మంచిగున్నట్టే గదా."

ఆమె చెప్పినట్లే చేసిరి. రెండిండ్లకును గోడ యొకటే యగుటచేత ఆ సెన్సారు పలుకు మా కంప్యూటరునకు వినబడును. ఉదయము ఎనిమిది గంటలలోపున ఆ అల్మార ఒక్కసారి తెరువబడినచో ఎవరికిని ఏ వార్తయు పోదు. తెరువబడనియెడల మొదట మా వంటయింటి గంట మ్రోగును; వదినగారు పోయి తలుపు తట్టుదురు. పావుగంటలో ఆమె ఫోనుమీద సరే యని నొక్కకున్నచో దుబాయికి వార్త పోవును. అప్పటికి అచ్చట ఉదయము ఆరున్నర దాటియుండును. కుమారుడు పనికి బయలుదేరకముందే తెలిసికొనును. అవ్వ ఎన్నిసార్లు చాయ త్రాగెనో, ఏ దినమున ఆలస్యముగా లేచెనో కుమారునికి తెలియదు. తెలియవలసిన అవసరమును లేదు. ఆ ప్రోగ్రాము వివరములను మామూలుగా పది దినములు దాచియుంచును. అవ్వ అల్మార సంగతి ఒక్క దినమునకు మించి నిలువకుండునట్లు వదినగారు వేరుగా ఏర్పాటు చేసిరి. "మీరు సూస్తరా మరి?" యని అవ్వ అడిగినందుకు ఆమె చేసిన పని యది. కంప్యూటరు మా యింటిలో నున్నది గనుక ఆ ప్రశ్న మమ్ముల నడుగుట ఆమె హక్కు.

రెండవ తలుపు కథ వేరు. మా పరిచితులలో నొకరు, చదువుకొన్నవారే, ఒక ఆదివారము మా యింటికి వచ్చి ఈ ఏర్పాట్లన్నిటిని చూచి సంతోషించిరి. వారి కుమార్తె డిగ్రీ చదువుచున్నది. తలిదండ్రులిద్దరును పగలు ఉద్యోగములకు పోవుదురు. వీధి తలుపునకు ఒక సెన్సారు పెట్టి, తలుపు తెరచినప్పుడెల్ల తమ ఫోనునకు వార్త వచ్చునట్లు చేయగోరిరి. "ఆమె మంచికే గదా" యనిరి. అమ్మాయికి ఈ మాట చెప్పితిరా యని మేమడిగితిమి. చెప్పినచో పెట్టుటయందు ప్రయోజన మేమున్నదని వారు బదులు చెప్పిరి. అమ్మాయిని అడిగి, ఆమె యిష్టపడి, ఆమె ఫోనులో కూడ ఆ వార్తయే కనబడునట్లు చేయుదురేని మా వదినగారు స్వయముగా వచ్చి అమర్తురని చెప్పితిమి. వారు చాయ త్రాగి లేచిపోయిరి. మరల ఆ మాట యెత్తలేదు.

చదువరులు గమనింతురుగాక. రెండిండ్లలోను కోరినది ఒక్కటే పరికరము. అదే గాజు గొట్టము, అవే రెండు రేకులు, అదే బ్యాటరీ. ఒకచోట అది ముసలితనమునకు ఊతకఱ్ఱ అయ్యెను. మరియొకచోట యౌవనమునకు సంకెల కాబోయెను. భేదము పరికరములో లేదు. ఎవరిని గూర్చి వార్త పుట్టుచున్నదో ఆమెను అడిగితిమా లేదా యనుటలో నున్నది. ఆడుబిడ్డలు చదువవలెనని, గడప దాటవలెనని, గోషా పోవలెనని ఒక తరమంతయు పోరాడెను. తలుపుమీది తెరను తీసివేసి అదే తలుపునకు సెన్సారును అంటించినచో మనము సాధించిన దేమి? తెర యున్నప్పుడు తనను నిర్బంధించిరని ఆ స్త్రీకి తెలియుచుండెను. ఈ క్రొత్త గోషాలో ఆ సంగతియు తెలియదు.

దీనికి చట్టము లేదా యని కొందరడుగవచ్చును. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో భారత సర్వోన్నత న్యాయస్థానమునందలి తొమ్మండుగురు న్యాయమూర్తులు గోప్యత ప్రతి పౌరుని ప్రాథమిక హక్కని ఏకగ్రీవముగా తీర్పు చెప్పిరి. 2023లో వ్యక్తుల డిజిటల్ సమాచారమును రక్షించుటకై పార్లమెంటు ఒక చట్టమును చేసెను. కాని ఒక వ్యక్తి తన సొంత పనులకును, గృహకృత్యములకును సమాచారమును వాడుకొనుటకు ఆ చట్టము వర్తింపదని అందులోనే వ్రాయబడియున్నది. అది యుక్తమే. ప్రతి వంటయింటిలోనికిని ప్రభుత్వోద్యోగి రాదగదు. అయితే దాని ఫలితమేమి? కంపెనీ మనలను చూచుటకు హద్దులు గీచిన చట్టము, మామగారు కోడలిని చూచుటకు, భర్త భార్యను చూచుటకు ఆ హద్దులను గీయలేదు. గడపలోపలి ధర్మమును ఇంటివారే యేర్పరచుకొనవలెను. సంస్కరణమును కోరు కుటుంబముల పని అచ్చట మొదలగుచున్నది.

మా మాటలకు ఆక్షేపణలు లేకపోలేదు. మతిమరపు వ్యాధిచే బాధపడు వృద్ధుడు రాత్రివేళ తలుపు తీసికొని వీధిలోనికి పోవుచుండును; అతనిని అడిగి సెన్సారు పెట్టుట యెట్లు? నడకయైన రాని పసిబిడ్డను అడుగుదుమా? ఇవి సరియైన ప్రశ్నలే. అడిగినను చెప్పలేనివారి పక్షమున దగ్గరివారు నిర్ణయింపక తప్పదు. అట్టిచోట నిర్ణయించువారు తమకు తాము మూడు హద్దులను విధించుకొనవలెను: అపాయమునకు సంబంధించిన వార్తను మాత్రమే పుట్టించుట, వెంటనే పరుగెత్తి పోగలవానికి మాత్రమే దానిని పంపుట, పని తీరగానే దానిని చెరిపివేయుట. వృద్ధుని తలుపు రాత్రి పది మొదలు తెల్లవారు అయిదు వరకు మాత్రమే పలుకవచ్చును, పగలు పలుకనక్కరలేదు. ప్రోగ్రాములోని షరతను రెండవ భాగము ఇందులకే యున్నది.

దొంగల మాట యేమని మరికొందరందురు. ఇంటివారందరును ఊరికి పోయినప్పుడు తలుపు పలుకవలసినదే. కాని ఆ నియమమును ఇల్లు విడుచు దినమున అందరికిని తెలిసి ఆరంభించి, తిరిగివచ్చిన దినమున ఆపివేయవచ్చును. దొంగకొరకు పెట్టితిమని చెప్పి ఇంటివారి రాకపోకలను సంవత్సరము పొడవునను వ్రాసికొనుట ధర్మము కాదు. ఇంతకంటె చిక్కైన ఆక్షేపణ యొకటి కలదు. ఆడువారికి ఈ నియమముల గొడవ యేల, మగవారు శ్రద్ధగా చూచుకొనినచో చాలదా యందురు. చాలదనుటకు మా ట్యాంకే సాక్ష్యము. శ్రద్ధ లేక కాదు గదా మా అన్నగారికి వార్త చేరనిది. ఆయన ఉన్నచోటు వేరు, నీరు పొంగినచోటు వేరు.

ఇట్టి పరికరములను తెచ్చుకొనగోరు కుటుంబములకు మా అనుభవమును బట్టి ఒక చిన్న పద్ధతిని సూచింతుము. సెన్సారును కొనకముందే ఇంటివారందరును కూర్చుండి ఒక తెల్లకాగితము తీసికొనవలెను. దానిపై ప్రతి సెన్సారునకును నాలుగు సంగతులు వ్రాయవలెను: అది ఎక్కడ నున్నది, ఏమి చూచుచున్నది, దాని వార్త ఎవరికి పోవుచున్నది, ఎన్ని దినములు నిలుచుచున్నది. ఒక మనిషిని గూర్చి వార్త పుట్టించు సెన్సారైనచో ఆ మనిషి తన చేతితో తన పేరును అచ్చట వ్రాయవలెను. వ్రాయుటకు ఇష్టపడనియెడల ఆ సెన్సారు ఆ ఇంటిలోనికి రాదగదు. ప్రోగ్రాములోని యజమాని ఖాతా తాళపుమాట కనీసము ఇద్దరికి తెలిసియుండవలెను. అందొకరు పగలు ఇంటియందుండువారు కావలెను. ఎవరి ఇష్టము మారినను ఆ వరుసను కొట్టివేయుటకు అడ్డు చెప్పరాదు.

మా ఇంటి కాగితము వంటయింటిలో పంచాంగము ప్రక్కన అంటింపబడియున్నది. ఇప్పటికి దానిలో ఏడు వరుసలున్నవి. రెండింటిని కొట్టివేసిరి. అందొకటి మేడమీది గదిలో కదలికను చూచు సెన్సారు. మా అన్నగారి కుమారుడు తన చదువు గదిలో అది వద్దనెను, కారణము చెప్పలేదు. కారణ మడుగనక్కరలేదని వదినగారు గీత గీచిరి. అయిదవ వరుసలో చాపత్త అల్మార యున్నది. దాని కెదురుగా, బడికి పోని అవ్వ వదినగారి మనుమరాలివద్ద నేర్చుకొని, వంకర టింకర అక్షరములతో తన పేరు తానే వ్రాసినది.